దాహానికా, దారికా?

మా మేనత్త బందరు ఆసుపత్రిలో పోయింది. పెద్దకర్మ కూడా అయింది, నాకింకా నమ్మకం కుదరడం లేదు. పేగులో రాయి అడ్డంపడి మనిషి పోవడమేమిటి? అందులోనూ ఈ మనిషి!

దివిసీమలోని మా ఇంట్లో ఆవిడ ఏరని బియ్యం పొయ్యి ఎక్కలేదు. చిన్నతనానే విధవై పుట్టింటికి చేరిన నాటినుంచి వెనక వసారాలో చేట ముందు పెట్టుకుని కూర్చునేది. "అన్నంలో రాయొస్తే తప్పు తిన్నవాడి పంటిది కాదురా, వండినవాళ్ల కంటిది" అనేది. తాను తిన్నాక మాత్రం కుడి డొక్క పట్టుకుని కాసేపు గోడకానుకునేది. ఉపవాసాల నీరసమనేవారు.

మొన్న కడుపుబ్బి, వాంతులు పట్టుకుని, విరేచనం ఆగిపోతే "ఏదో రాయి అడ్డం పడ్డట్టుంది" అని ఆవిడే చెప్పిందట. మాటవరసకన్నదనుకున్నారు. వాయువన్నారు. ఆముదం పట్టారు, కరక్కాయ పొడి మింగించారు. కబురంది నేను బందరునుంచి వెళ్లేసరికి మంచం మీదనుంచి దించి చాప మీద పడుకోబెట్టారు. మా పెద్దన్నయ్య తులసితీర్థం నోట్లో పోస్తున్నాడు. ఆవిడ కళ్లు తెరిచింది.

"ఇది దాహానికట్రా, దారికా?"

నాకేసి తిరిగి, "నాకు బతకాలనుందిరా" అంది.

మొగవాడికి డెబ్బయ్యేళ్లొస్తే ఇంటికి పెద్దదిక్కు. విధవకు డెబ్బయ్యేళ్లొస్తే కాటికి కాళ్లు చాపిన మనిషి. బందరు ఆసుపత్రికి తీసుకెళ్తానంటే, ఈ వయసులో కోతేమిటి, మడీ మైలా లేనిచోట చావేమిటి, పుణ్యంగా పోనీ అని అన్నయ్య అడ్డం నిలబడ్డాడు. పుణ్యమెవరికండీ? ఆవిణ్ణడిగారా? పోట్లాడే తీసుకెళ్లాను. పులిగడ్డ రేవులో పడవెక్కిస్తుంటే, "బియ్యం సగమే ఏరాను, మిగతావి చూసుకోమను" అంది.

కోశారు. రాయి దొరికింది, కరక్కాయంత. మనిషి దక్కలేదు. చాలా ఆలస్యమైందన్నారు డాక్టరుగారు. వెంట వచ్చిన అన్నయ్య, అన్నంలో రాయేదో మింగిందేమోనండీ అన్నాడు. ఎవర్ని గురించి అంటున్నాడో విన్నారా!

"తిన్న రాయి కాదండీ. పిత్తాశయంలో ఏళ్ల తరబడి పెరిగి పేగులోకి జారింది. పెద్దవాళ్లలో ఒక్కోసారి ఇలా అవుతుంది" అన్నారాయన.

ఏళ్ల తరబడి. ఆ గోడకానుకునే.

పెద్దకర్మ భోజనాల్లో అన్నయ్య పంటికింద రాయి పడింది. పంక్తంతా వినిపించింది. అతను ఉమ్మలేదు, మింగలేదు. బుగ్గన పెట్టుకుని, వసారా గోడకు ఆనించి ఉన్న చేటకేసి చూస్తూ అలాగే కూర్చున్నాడు.