తట్టి చూడనిదే

మా నాయన దేన్నీ తట్టి చూడనిదే కొనడు. పుచ్చకాయను, కుండను అందరూ తడతారు. ఆయన బీరువాను తడతాడు, తలుపును తడతాడు, ప్లాస్టిక్ కుర్చీని కూడా తడతాడు. నాకు సంబంధం చూడటానికి పోయినప్పుడు వాళ్లింటి గోడను తట్టి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడని మా అమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. గోడ బాగానే పలికిందట. అందుకే ఆ సంబంధం ఖాయమైందని నా అనుమానం.

తప్పు ఆయనది కాదు, చేసే పనిది. మార్కాపురంలో మాకు చిన్న పలకరాళ్ల షెడ్డు ఉంది. గని నుంచి వచ్చిన రాతిని ఉలితో పొరలు పొరలుగా చీల్చి, చదరంగా కోసి, ఎగుమతి చేసే ఆయనకు ఇస్తాం. ఆ రాళ్లు ఎక్కడో దూరదేశాల్లో గోడలకు, వసారాలకు అతుక్కుంటాయి. పంపే ముందు ప్రతి రాయినీ వేలి కణుపుతో తట్టి చూడాలి. మంచి రాయి ఖంగుమంటుంది. లోపల వెంట్రుకవాసి పగులున్నా చాలు, కంటికి ఏమీ కనపడదు గానీ, గొంతు పట్టేసినట్టు పలుకుతుంది.

మా షెడ్డులో ఇంకో అలవాటు కూడా ఉంది. రాయి బాగుంటే తట్టినవాళ్లు "పగులు లేదు" అని పైకి అంటారు. పక్కవాళ్లు దాన్ని తీసుకుని పేరుస్తారు. పగిలిన రాయి వస్తే మాత్రం ఏమీ అనరు. నోరు మూసుకుని ఎడమ పక్కన పెట్టేస్తారు. పగిలిందని నోటితో అంటే ఆ మాట మిగతా రాళ్లకు తగులుతుందట. ఇదేం మూఢనమ్మకమని చిన్నప్పుడు నేను పోట్లాడేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నన్నెవరూ పట్టించుకోలేదు.

కారు కొనడానికి ఒంగోలు పోయిన రోజు కూడా నాయన అదే పని చేశాడు. షోరూముల్లో వరసగా కార్ల బానెట్లు, తలుపులు తట్టుకుంటూ పోతుంటే అక్కడి అబ్బాయిలు గుడ్లప్పగించి చూశారు. మైలేజీ అడగలేదు, రంగు అడగలేదు. చివరికి ఒక అమెరికా కంపెనీ కారు దగ్గర ఆగి, రెండుసార్లు తట్టి, "ఇది దిట్టంగా పలుకుతాంది, బిల్లు దీనికే రాయి" అన్నాడు. పేరుకు అమెరికాదే గానీ ఆ కారు పుట్టింది మద్రాసు పక్కన.

కొన్నాళ్లకు ఆ కంపెనీ మన దేశంలో కార్లు చేయడం ఆపేసింది. మా నాయన రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. "రాయి మంచిదే. కట్టినోళ్లే పోయినారు" అన్నాడు. కంభం రోడ్డులో షెడ్డున్న మెకానిక్ భాయ్ ఆయన్ని ఓదార్చాడు. "ఫికర్ నక్కో అన్నా. కంపెనీ పోతే పోయింది, నేనున్నా కదా." నిజంగానే ఉన్నాడు. బెజవాడ ఆటోనగర్‌లో పాత సామాన్లు వెతికి తెచ్చి, ఇప్పటికీ ఆ కారును నడిపిస్తున్నాడు. మా వీధిలో దాన్ని దిక్కులేని కారు అంటారు. అన్నవాళ్లను నాయన ఎక్కించుకోడు.

నేను ఇక్కడే కాలేజీలో కామర్స్ చెబుతాను. అంతర్జాతీయ వ్యాపారం నా పాఠమే. దిగుమతి సుంకాలు, వాటి లాభనష్టాలు బోర్డు మీద రాసి పదిహేనేళ్లుగా పిల్లల్ని నిద్రపుచ్చుతున్నాను. ఆ సుంకం ఒకరోజు మా షెడ్డుకే వచ్చి కూర్చుంటుందని ఏనాడూ అనుకోలేదు.

అమెరికా పన్ను పెంచిందని టీవీలో చెప్పిన వారంలోపే ఎగుమతి ఆయన ఫోన్ చేశాడు. అక్కడి కొనుగోలుదారు సరుకు ఆపమన్నాడని, మళ్లీ చెప్పేదాకా కోయొద్దని చెప్పాడు. కోసిన రాళ్లు వాకిట్లో పేర్చినవి పేర్చినట్టే ఉండిపోయాయి. ఉలి చప్పుడు లేని షెడ్డును నేను పుట్టాక చూడటం అదే మొదటిసారి.

ఆ రోజు షెడ్డులో మిగిలింది నాయన, నేను, అక్క. అక్క అంటే నాకు తోడబుట్టింది కాదు. అర్ధవీడు దగ్గర పల్లెలో మొగుడు పోయాక, ఉన్న నాలుగు గొర్రెల్నీ అమ్ముకుని, బిడ్డను చంకనేసుకుని మా షెడ్డుకు పనికి వచ్చింది. రాయి తట్టడంలో ఆమె చెవి తన చెవికన్నా మంచిదని మా నాయన ఒప్పుకుంటాడు. ఆయన ఒప్పుకునే విషయాలు చాలా తక్కువ. ఆ బిడ్డ మా రాళ్ల మధ్యే పాకింది, నడిచింది. ఆడుకునే వయసులోనే అమ్మ పక్కన కూర్చుని రాళ్లు తట్టేది. తర్వాత నా దగ్గరే డిగ్రీ చదివింది. కాలేజీలో నన్ను మేడమ్ అంటుంది, షెడ్డులో పిన్నీ అంటుంది.

"ఏంది చెల్లా ఈ పన్ను? మన రాయి ఏం పాపం చేసింది?" అంది అక్క.

నేను ఊరుకుంటానా! పాఠం మొదలుపెట్టాను. "మన రాయికే కాదు అక్కా, బయట నుంచి వచ్చే కార్లకు కూడా ఏసినారు. అయితే కార్ల కంపెనీలు తెలివైనవి. జపానోళ్లు, జర్మనీవోళ్లు, కొరియావోళ్లు ఎప్పుడో పోయి అమెరికాలోనే ఫ్యాక్టరీలు కట్టుకున్నారు. అక్కడి మనుషుల్తోనే కార్లు చేయిస్తారు. విడిభాగాలు బయట నుంచి తెస్తే వాటికి పన్ను పడతాది గానీ, అక్కడ తయారైన కారుకు దిగుమతి పన్ను ఎందుకుంటాది?"

అక్క వాకిట్లో పేర్చిన రాళ్ల వైపు చూసింది. "మరి మన కొండనెట్ల తీసకపోదాం చెల్లా?"

"కార్లోళ్లకు కాళ్లున్నయ్. కొండకు లేవు" అన్నాడు నాయన. నా పాఠం అక్కడితో ముగిసింది.

ఆ నెలలోనే మా కాలేజీలో జాబ్ మేళా జరిగింది. అనంతపురం అవతల ఫ్యాక్టరీ పెట్టిన ఒక విదేశీ కార్ల కంపెనీ వాళ్లు వచ్చారు. ఒక కారు తలుపు రేకు తెచ్చి బల్ల మీద పెట్టి, చేతికి గ్లౌజు తొడుక్కుని తడిమి సొట్టలెక్కడున్నాయో చెప్పమన్నారు. కంటికి ఆనని సొట్టలవి. మా పిల్లలు చాలామంది ఇస్త్రీ చేసినట్టు చేయి ఇటూ అటూ పోనిచ్చి ఊరుకున్నారు. అక్క కూతురు నెమ్మదిగా తడిమింది. తర్వాత అలవాటు కొద్దీ గ్లౌజు తీసేసి, వేలి కణుపుతో టక్ టక్‌మని తట్టి, రేకు మీదికి వంగి చెవి పెట్టింది. వచ్చినాయన నవ్వాపుకోలేక, "తట్టాల్సిన పని లేదమ్మా, రేకు పలకదు" అన్నాడు. ఆ పిల్ల సిగ్గుపడిపోయింది. కానీ సొట్టలన్నీ సరిగ్గా చూపించింది. తనిఖీ విభాగంలో శిక్షణకు తీసుకున్నారు.

నేను ఎగిరి గంతేశాను. అక్క మాత్రం ఒక్క మాటలో తేల్చేసింది. "పంపను."

"ఎందుకు పంపవ్?"

"మామ కారు చేసినోళ్లు ఏమైనారు? కట్టినారు, నడిపినారు, ఒకరోజు మూసుకుని పోయినారు. ఆడ పని చేసినోళ్ల బిడ్డలు ఏమైనారో ఎవురన్న అడిగినారా? ఈళ్లు కూడా బయటోళ్లే. కాళ్లున్నోళ్లని మామే అన్నాడు. ఈడికి నడిచొచ్చినోళ్లు రేపు నడిచి పోరా?"

మామ అంటే మా నాయనే; మా షెడ్డులో పిలుపులకు వరసలు కలవవు. ఆయన కారు ఈ రకంగా సాక్ష్యానికి వస్తుందని ఊహించలేదు. నాకు ఒళ్లు మండింది. వాళ్లు ఊరికే రాలేదని, బయట తయారైన కారుకు మన దేశం కూడా పెద్ద పన్ను వేస్తుందని, అది తప్పించుకోవడానికే ఇక్కడ ఫ్యాక్టరీ కట్టారని, ఆ పన్ను ఉన్నంతకాలం అంత సులభంగా పోరని గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

అక్క అంతా విని, నిదానంగా అడిగింది. "అంటే వాళ్ల పన్ను నా పని తీసింది. మన పన్ను నా బిడ్డకు పనిస్తాది. అంతేనా?"

పదిహేనేళ్ల పాఠాన్ని ఆమె రెండు ముక్కల్లో చెప్పేసింది. "అంతే" అన్నాను.

"మరి ఇది మంచిదా, చెడ్డదా?"

పక్కనుంచి నాయన, "ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోడానికి" అని గొణిగాడు. ఆయన ఎవరి తరఫున మాట్లాడాడో నాకు అర్థం కాలేదు.

చేరడానికి గడువు దగ్గరపడింది. అక్క మెత్తబడలేదు. పిల్ల అమ్మతో పోట్లాడలేదు, ఏడవలేదు, రోజూ వచ్చి ఖాళీ షెడ్డు ఊడ్చిపోయేది. చివరికి నాయనే కదిలాడు. "చూడకుండానే పగిలిందంటావేంది అమ్మాయ్? మన షెడ్డులో ఎప్పుడన్నా అట్ల ఎడం పక్కన పెట్టినామా? పోదాం. తట్టి చూద్దాం. నచ్చకుంటే పిల్లను ఎనక్కు తెచ్చుకుందాం."

పని మాటతో అడిగితే అక్క కాదనలేదు. "చూసొస్తా, అంతే. ఒప్పుకున్నట్టు కాదు" అంది. అయినా పిల్ల బట్టల సంచి డిక్కీలో ఎక్కింది. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

దిక్కులేని కారులోనే బయల్దేరాం. ముందు రోజు మెకానిక్ భాయ్ కారు కిందకు దూరి, బయటికొచ్చి, "అనంతపురం కాదు, మక్కా దాకా పోతాది" అని హామీ ఇచ్చాడు. గిద్దలూరు దాటి కొండల్లో ఘాటు రోడ్డు ఎక్కుతుంటే ఇంజను కాస్త మూలిగింది. నాయన స్టీరింగును దువ్వుతూ, "పో నాయనా, పో" అని బతిమాలాడు. అది పోయింది. ఆ ఘాటులో నాకు ఆ కారు మీద పుట్టిన ప్రేమ ఇంతవరకు తగ్గలేదు.

అనంతపురం దాటాక టీ తాగుదామని ఆగాం. పక్కనే ఒక పొడవాటి లారీ ఆగి ఉంది. దాని మీద రెండు వరసలుగా కొత్త కార్లు, ఇంకా అట్టలు, ప్లాస్టిక్ కాగితాలు కూడా తీయనివి. అవి పిల్ల పని చేయబోయే ఫ్యాక్టరీ కార్లే. మేం గ్లాసులు అందుకునేలోపు అక్క కనపడలేదు. చూస్తే లారీ పక్కన మునివేళ్ల మీద నిలబడి, కింది వరసలోని కారు తలుపును వేలి కణుపుతో తడుతోంది.

లారీ డ్రైవరు పరిగెత్తాడు. "ఏయ్! ఏంది చేస్తాండావ్? గీత పడితే నా ఉద్యోగం పోతాది!"

"ఉండన్నా, ఇనపడనీ" అంది అక్క. మళ్లీ తట్టింది. చెవి దగ్గరగా పెట్టింది.

"కొంటావా ఏంది?"

"కొనేదానికి కాదు. నా బిడ్డ ఈటిని చూసి పంపబోతాది. ఎట్లున్నయో నేను చూడొద్దా?"

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ ఆమెకే తెలిసినట్టు లేదు. తర్వాత మా వైపు తిరిగి, షెడ్డులో అన్నట్టే గట్టిగా, "పగులు లేదు" అంది. నాయన టీ గ్లాసు బల్ల మీద పెట్టి, తువ్వాలుతో ముఖమంతా తుడుచుకున్నాడు. డ్రైవరుకు ఏమీ అర్థం కాకపోయినా శాంతించాడు. ఆయన టీ డబ్బులు కూడా మా నాయనే ఇచ్చాడు.

శిక్షణ పిల్లల హాస్టలు గేటు దగ్గరికి సాయంత్రానికి చేరాం. కాపలా ఆయన పిల్ల పేరు రాసుకుని, మమ్మల్ని అక్కడే ఆగమన్నాడు. నాయన పిల్ల తల మీద చేయి పెట్టి, తుడవాల్సిన అవసరమేమీ లేని కారు అద్దం తుడవడానికి వెళ్లిపోయాడు. నేను ఏడవకూడదని పళ్లు బిగించి నిలబడ్డాను. అయినా ఏడ్చాను. నా స్టూడెంటని కాదు, నా చేతుల్లో పెరిగిందని ఏడ్చాను.

అక్క ఏడవలేదు. కూతురి భుజం పట్టి అటు తిప్పింది. వీపు మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, చెవి ఆనించింది.

"పగులు లేదు" అంది. "పో."

పిల్ల నవ్వింది. సంచి కింద పెట్టింది. తను కూడా అమ్మను అలాగే అటు తిప్పి, వీపు మీద తట్టి, వంగి చెవి పెట్టింది. చాలాసేపు అలాగే ఉంది. మేమంతా ఆ రెండు మాటల కోసం ఎదురుచూశాం.

పిల్ల ఏమీ అనలేదు. సంచి తీసుకుని గేటులోకి వెళ్లిపోయింది.