పరాయి చేతి మెరుగు

అంగుస్తియాస్‌కి ఎవరినైనా నమ్మే జబ్బు పుట్టుక నుంచీ లేదు. రొట్టెలవాడు రొట్టె చేతిలో పెడితే అడుగు తిప్పి చూసేది. పాదిరి ఆగి దీవిస్తే, ఇవాళ ఈయనకి నాతో ఏం పని పడిందా అనుకునేది. అలాంటి మనిషికి మొగుడి గిటారు మీద పరాయి చేతి జాడ కనిపిస్తే ఊరుకుంటుందా?

గ్రనాదాలో కోటకి ఎక్కే ఆ వాలు వీధిలో గిటార్లు చేసేది మగవాళ్ళు, మెరుగు పెట్టేది వాళ్ళ పెళ్ళాలు. కింద కొట్లో బాల్దొమేరో దేవదారు పలకని పల్చన చేసి, సైప్రస్ చెక్కని వంచి, అంటించి, పెట్టె కట్టి పైకి పంపేవాడు. పైన వంటింటి బల్ల మీద అంగుస్తియాస్ దానికి లక్క పట్టించేది. స్పిరిట్‌లో కరిగిన లక్క, చుక్క ఆలివ్ నూనె, ఉన్నిని పాత నారగుడ్డలో చుట్టిన ఉండ. సరంజామా అంతే. చెక్క మీద ఉండతో సున్నాలు చుడుతూ పోవాలి గాని ఎక్కడా నిలపకూడదు. నిలిపితే కింది లక్క మెత్తబడి గుడ్డతో పాటు లేచొస్తుంది, చేసిన పనంతా బూడిదలో పన్నీరు. ఈ సంగతి ఆమెకి అత్తగారు మొట్టికాయలతో నేర్పింది. ఇక ఆ వీధిలో మగవాడు ఉండ పట్టడమంటే, గౌను తొడుక్కుని గుడికి వెళ్ళినంత నామోషీ.

ఆ రోజు అన్నానికి పిలవడానికి కొట్లోకి దిగింది. మాలగా నుంచి వచ్చే వాయిద్యగాడికి చేసిన గిటారు, తీగలింకా కట్టనిది, కిటికీ పక్కన వేలాడుతోంది. ఎండ ఏటవాలుగా పడితే లక్క మీద చేతి నడక తెలుస్తుంది, చూడటం తెలిసినవాళ్ళకి. పలక కింది భాగంలో, ఒక పక్క అంచున, గీతలున్నాయి. ఆమె చేతివి సున్నాలు. ఇవి బారు గీతలు.

పక్కనున్న ఇంకో గిటారు తిప్పి చూసింది. అదే చోటు, అవే గీతలు.

మొగుణ్ణి అడగలేదు. అడగడమంటే అబద్ధం సిద్ధం చేసుకోమని గడువు ఇవ్వడమే. ఎవత్తో తన పనిలోకి చొరబడుతోంది. మరి ఒక్క మూలే ఎందుకు? ఎందుకేమిటి, దొంగ అలాగే వస్తుంది. ఇవాళ మూల, రేపు పలక, ఎల్లుండి వంటిల్లు. పెళ్ళినాటి నుంచి ఈ కొట్టు దాటిన ప్రతి గిటారు మీదా తన మెరుగే ఉంది. అది పోయాక ఆమెకి మిగిలేది గరిటె.

భోజనం దగ్గర మొదలుపెట్టింది.

"మధ్యాహ్నం పూట కునుకు తీయకుండా కింద ఏం వెలగబెడుతున్నావు?"

"కింద చల్లగా ఉంటుందే."

"తలుపు గడియ పెట్టుకుంటే ఇంకాస్త చల్లగా ఉంటుందా?"

"ఈగలు."

"తలుపు తట్టి లోపలికొచ్చే ఈగల్ని నేనెక్కడా చూళ్ళేదయ్యా."

అతను శనగల పులుసులోకి తల దించుకున్నాడు. తప్పు లేనివాడు అంత జాగ్రత్తగా శనగలు నమలడు.

సాయంత్రం అతని చొక్కా వాసన చూసింది. స్పిరిట్. తాగుడు వాసన కాదు, లక్క వాసన. బట్టల పెట్టె తీస్తే, ఆమె పాత నారచొక్కా వెనకభాగం చదరంగా కత్తిరించి ఉంది. అంటే తన గుడ్డతోనే, తన వెనకాలే!

బారు గీతల మనిషి ఆ వీధిలో ఒక్కతే ఉంది. పూరా. పై సందులో ఉండే విధవరాలు, నాలుగు కొట్లకి మెరుగు పెట్టి బతుకుతుంది. తొందరెక్కువ, ఆఖర్న సున్నాలు ఎగ్గొట్టి బారుగా లాగేస్తుందని పేరు. అంగుస్తియాస్ వెళ్ళేసరికి గడప మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది.

"ఏం పూరా, ఈ మధ్య పని బాగా దొరుకుతోందట?"

"దేవుడి దయ వదినా."

"దేవుడి దయా, మా ఆయన దయా?"

పూరా ఒలిచిన గింజ నోట్లో వేసుకుని తీరిగ్గా నమిలింది. "మీ బాల్దొమేరోనా? ఆ మీసాలకి ఎప్పుడూ జిగురే కదమ్మా. ఎదురు కట్నమిచ్చినా నాకొద్దు."

"గీతలు చూశాను. అలా లాగేది నువ్వే."

"నా గీతలా? అంచు దగ్గర ఎలా ఉన్నాయి? పల్చబడి జారిపోయాయా, టక్కున తెగాయా?"

"తెగాయి."

పూరా పకపకా నవ్వింది. "అంచు దాటేటప్పుడు నా ఉండ గాల్లోకి జారుతుంది వదినా. టక్కున తెగ్గొట్టేది చిత్రిక పట్టే చెయ్యి. ఆడదాని కోసం నా గడప తొక్కడమెందుకు, ఇంటికెళ్ళి నీ మొగుడి వేళ్ళు వాసన చూసుకో."

అబద్ధమాడుతోంది అనుకుంది. అనుకుంటూనే మర్నాడు మధ్యాహ్నం వీధంతా తలుపులు మూసుకున్నాక, చెప్పులు చేతబట్టుకుని పెరటి మెట్లు దిగింది. చెక్కలు ఆరబెట్టే గదిలో దూరింది. దాని కిటికీ కొట్లోకి తెరుచుకుంటుంది.

లోపల ఆడది లేదు. బాల్దొమేరో ఒక్కడే, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, చిత్రిక తోసినట్టు ఉండని తోస్తున్నాడు. మాలగావాడి గిటారు, అదే మూల.

ఆడది దొరికితే జుట్టు పట్టుకోవచ్చు. మొగుడి చేతిలో ఉండ దొరికితే ఏం పట్టుకోవాలి?

"ఎన్నాళ్ళ నుంచి?" అని కేక పెట్టింది.

అతను ఉలిక్కిపడ్డాడు. చెయ్యి నిలిచిపోయింది.

"ఆపకు! ఆపకయ్యా, మొద్దూ!"

అప్పటికే గుడ్డ అంటుకుంది. లాగితే అరచేతి మేర లక్క లేచొచ్చింది.

ఆమె లోపలికొచ్చింది. అతను నేల చూపులు చూస్తూ చెప్పాడు. "ఈస్టర్ నుంచి. నీ భుజం పట్టేసింది అంగుస్తియాస్. అవతలి అంచుకి చెయ్యి పోతోంది గాని, బరువు పోవట్లేదు. అక్కడ లక్క నిలవట్లేదు."

"అబద్ధం."

"అందుకే చెప్పలేదు."

"నా పని చెడగొట్టి, దిద్దినట్టు నటిస్తున్నావు. రేపు ఇంకొకత్తిని తేవడానికి."

అతను నిన్న ఆమె ముగించిన గిటారు, తానింకా ముట్టనిది, తెచ్చి వెలుగులో పెట్టాడు. ఆమె చెంప పలక మట్టానికి దించి చూసింది. మూడొంతులు అద్దం. అవతలి అంచున, అన్నం మెతుకు ఆరినట్టు, మసక. అతని గీత ఒక్కటైనా ఉంటుందేమోనని చాలాసేపు వెతికింది. అన్నీ తన సున్నాలే, పోనుపోను నీరసించి.

ఖాళీ బల్ల మీద చెయ్యి చాపింది. సగం దూరంలో భుజం కలుక్కుమంది. మూతి బిగించి ఇంకా చాపింది. వేళ్ళు అంచుకి చేరాయి, అరచెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"పూరాకి తెలుసా?"

"ఎవరికీ తెలీదు."

"స్పిరిట్ ఇటివ్వు."

మాలగావాడి గిటారు పలకంతా తుడిచేసింది. అతని గీతలూ, తన సున్నాలూ అన్నీ.

"అయ్యయ్యో, శనివారం వస్తాడే!"

"రానీ. ఆలివ్‌కాయలు పెట్టి కూర్చోబెట్టు. నీ మీసాల కథ చెప్పు." గూట్లోంచి దుప్పటి లాగి బల్ల మీద మడత పెట్టింది. దాని మీద గిటారు పెట్టింది. "నేను రుద్దుతుంటే నువ్వు దుప్పటి పట్టుకుని తిప్పు. నా చెయ్యి నిలవదు, నీ దుప్పటీ నిలవకూడదు."

"గిటారు తిప్పుతూ మెరుగా? మా అమ్మ బతికుంటే..."

"చచ్చింది కదా. పట్టు."

అతను వంగి దుప్పటి కొసలు పట్టుకున్నాడు. ఆమె కొత్త ఉండ కట్టి, లక్క తడిపి, మొదటి సున్నా చుట్టింది.

"మెల్లిగా తిప్పుతున్నావు. జాలిపడుతున్నావా నా మీద?"

"నడుం నెప్పే!"

"నిన్నటిదాకా లేని నెప్పి."

అతను కొసలు బిగించి లాగాడు. దుప్పటి కదిలింది. అందని అంచు కొంచెం కొంచెంగా తిరిగి ఆమె రొమ్ము దగ్గరికి వచ్చింది. దాని మీద ఆమె తన బరువంతా వేసింది.