ఐదో నంబరు పాచి

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ చిరాకే. సునామీ తర్వాత పోర్ట్‌బ్లెయిర్‌లో నలుగురు ఎక్కడ కూచున్నా అవే కబుర్లు. జెట్టీ దగ్గర ఎవరో ఏడుస్తున్నారనీ, మునిగిన ఇంట్లో దీపం వెలుగుతోందనీ. పోయినవాళ్ళనైనా ప్రశాంతంగా ఉండనివ్వరా అని విసుక్కునేదాన్ని. ఇప్పుడు నేనే ఇలాంటిది రాయడానికి కూచున్నాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

మా మేనత్త శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళై ఈ దీవికి వచ్చింది. ప్రోతరాపూర్ దాటాక పల్లంలో వాళ్ళకి వరి పొలం ఉండేది. సునామీ రోజు అక్కడ నేల కుంగింది. లోపలికొచ్చిన సముద్రం మళ్ళీ వెనక్కి పోలేదు. మావయ్య అంతకుముందే పోయాడు, పిల్లల్లేరు. అత్త మా ఇంటికి వచ్చేసింది గానీ, వారానికి రెండుసార్లయినా బస్సెక్కి వెళ్ళి ఆ నీళ్ళ ఒడ్డున కూచునేది.

"పొలం పోనాది గానీ నీరు పచ్చగానే ఉందే," అనేది.

నాకు ఆ పచ్చదనంతోనే పని పడింది. నేనొక చిన్న ల్యాబులో టెక్నీషియన్‌ని. నీటి పాచి నుంచి నూనె తీసి డీజిల్‌లా మండించవచ్చా అన్నది మా పరిశోధన. అత్తకి చెప్తే పడీ పడీ నవ్వింది. ఒకరోజు అన్నం క్యారేజీ నిండా పొలం నీళ్ళు పట్టుకొచ్చి, "ఇదిగోనే నీ పాచి," అని నా ముందు పెట్టింది.

మేం అంతవరకు చూసిన ఏ పాచిలోనూ అంత నూనె లేదు. మరుసటి ఏడు అత్త జ్వరంతో పోయింది. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు అక్కడికి వెళ్ళి నీళ్ళు తెచ్చినా ఆ పాచి దొరకలేదు. అత్తదీ ఆ పొలానిదీ గుర్తంటూ మిగిలింది మా ల్యాబులో ఆ పాచిని పెంచుతున్న ఆరు గాజు ఫ్లాస్కులే. వాటిని నేను ఎవర్నీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు.

చిక్కేమిటంటే, పాచి కణాలు ఏ గుడ్డలోనూ ఆగనంత సన్నం. మెషీన్లో గిర్రున తిప్పి వేరు చేద్దామంటే, వచ్చే నూనె కన్నా కాలే కరెంటే ఎక్కువ. అందుకే అప్పట్లో చాలాచోట్ల పాచికి బూజును జతచేసి చూస్తున్నారు. బూజు దారాలు పాచిని చుట్టుకుని ఉండలు కడతాయి. ఉండలైతే జల్లెడలో వడకట్టుకోవచ్చు, బూజులో ఉండే నూనె కూడా కలిసొస్తుంది. మేమూ మెయిన్‌ల్యాండ్ నుంచి రకరకాల బూజులు తెప్పించాం. మా ఉప్పునీళ్ళలో ఒక్కటీ బతకలేదు.

అంతలో కరెంటు కోతలు మొదలయ్యాయి. వాటికి తోడు జనరేటరు కూడా పాడైంది. అది బాగయ్యేలోపు వెలుతురు లేక ఆరు ఫ్లాస్కులూ పాలిపోయాయి. ఐదో నంబరు దాంట్లో తెల్లగా బూజు కూడా లేచింది. బయటి బూజు చేరిన ఫ్లాస్కును ఉడికించి పారబోయాలని రూలు. భోజనం చేసొచ్చి ఆ పని కానిద్దామనుకున్నాను. నా ఆశంతా మిగతా ఐదింటి మీదే.

తిన్నాక బల్ల మీద తల వాల్చాను. కునుకు పట్టింది. నేను పొలం గట్టు మీద నడుస్తున్నాను, గట్టు నీళ్ళ అడుగున ఉంది. ఊపిరికి ఏ ఇబ్బందీ లేదు. పైనుంచి ఎండ పచ్చగా దిగుతోంది. వరి నిలబడే ఉంది, గాలికి బదులు అలలకి మెల్లగా ఊగుతోంది. దూరంగా అత్త వంగి నాట్లు వేస్తోంది. నేను పిలవలేదు, ఆవిడ చూడలేదు. అంత హాయిగా నేనెప్పుడూ నిద్రపోలేదు.

వాచ్‌మన్ జోసెఫ్ భయ్యా తలుపు తట్టి లేపాడు. ఆయన రాంచీ మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు.

"దీదీ, ఏక్ బుఢియా ఆయీ థీ. పాంచ్, పాంచ్ బోల్ రహీ థీ. హాథ్ సే మనా కియా."

ఎవరో పెద్దావిడ వచ్చి, పాంచ్ అంటే ఐదు, ఐదు అంటూ వద్దన్నట్టు చెయ్యి ఊపిందట. మిగతా మాటలు ఆయనకి అర్థం కాలేదు. ముక్కుకి మా అత్తకున్నట్టే రెండు వైపులా పుడకలు, మోకాళ్ళ దాకా బురద. వరండాలో కుర్చీ వేస్తే, కాళ్ళు చూపించి, మాసిపోతుందన్నట్టు తల అడ్డంగా ఊపిందట. నేను గేటు దాకా పరుగెత్తాను. ఎవరూ లేరు. ఎండ పెళపెళలాడుతోంది, రోడ్డు పొడిగా ఉంది.

నాకు భయం వేయలేదు, ఏడుపొచ్చింది. తర్వాత, ఇలాంటివి నమ్ముతున్నానేమిటని నామీద నాకే కోపం వచ్చింది. అయినా మా గదిలో ఐదు అంకె ఉన్నది ఆ ఒక్క ఫ్లాస్కు మీదే. దాన్ని ఉడికించడానికి చేతులు రాలేదు. మా ల్యాబు పెద్ద సార్‌కి చెప్పకుండా, ఫ్లాస్కుల్ని ఊపే యంత్రం మీదే వదిలేశాను.

రెండోరోజుకి ఆ ఫ్లాస్కులో పెసలంత పచ్చటి ఉండలు, చుట్టూ తేటనీరు. సార్ కొన్నింటిని జల్లెడలో పోసి చూశారు, ఒక్కటీ జారలేదు. ఆ వారంలోనే మిగతా ఐదు ఫ్లాస్కులూ పూర్తిగా చచ్చిపోయాయి. ఉండల్లో ఉన్న పాచి మాత్రం రోజురోజుకీ ముదురుపచ్చగా తేరుకుంది.

దీనికి కారణం చెప్పుకోవచ్చు. ఆ బూజు కూడా పొలం నీళ్ళలోనే ఉండి ఉంటుంది, ఉప్పుకి అలవాటు పడ్డదే. వచ్చినావిడ దారి తప్పిన ఎవరో అయి ఉంటుంది. నేనూ అలాగే సర్ది చెప్పుకున్నాను, అమ్మకి ఈ సంగతి చెప్పేదాకా.

అమ్మ కూర తరుగుతూ అంతా విన్నది. కత్తిపీట పక్కకి పెట్టింది.

"పాంచ్ అనుండదే. పాచి అనుంటాది. ముప్పై ఏళ్ళున్నా మీ అత్త హిందీలో ఒక్క అంకె నేర్సుకున్నాదా?"

పాచి పారబోయకే అని ఉంటుంది. ఆ మాట సరిగ్గా నా చెవిన పడి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలుసు. మిగతా ఐదు ఫ్లాస్కుల పాచిని కాపాడుకుంటూ, బూజు పట్టిన ఐదోదాన్ని ఉడికించి పారబోసేదాన్ని. దేన్నీ మిగుల్చుకునేదాన్ని కాదు.

రిపోర్టులో "అనుకోకుండా బూజు చేరింది" అని రాశాను. అది అబద్ధం కాదు. ఆ రోజు వచ్చిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడ అన్నది ఒకటి, జోసెఫ్ భయ్యా విన్నది ఒకటి. ఆ తప్పు వినికిడి వల్లే మా అత్త పొలం నీళ్ళు బతికాయి.