మంచు కోసం నోచిన తద్ది

మా అక్క కూతురు పరుగుపందెంలో పేరు ఇచ్చిందని నాకు మొదట చెప్పింది వాళ్ళ కాలేజీ బస్సు డ్రైవరు. జగిత్యాల వైపు మనిషి. రోజూ పొద్దున్నే ఈ అరబ్బుదేశంలో, అల్ ఘర్రాఫాలో మేముండే ఇంటి గేటు ముందు బస్సు ఆపుతాడు.

"అక్కా, పాప పందెంల ఉరుకుతదంట. నీకు ఎరుకనా?" అన్నాడు.

నాకు తెలియదు. పిల్ల అప్పటికే బస్సెక్కి, అద్దం వెనకనుంచి అతనికేసి గుడ్లురిమి చూస్తోంది.

నేను బడికి వెళ్ళినదాన్ని కాను. మా నాన్నగారు ఇంట్లో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన అక్షరాలే నా చదువు. అందుకని ఈ పిల్ల ఆటల సంగతులు నాకు ఒక పట్టాన తలకెక్కవు. వాళ్ళ నాన్న సైన్యంలో ఉన్నన్నాళ్ళూ అది హిమాలయాల దగ్గర పెరిగింది. అక్కడే స్కీయింగ్ పట్టుబడింది. కాళ్ళకు పొడవాటి పలకలు బిగించుకుని, చేతికర్రలు పోటువేస్తూ మంచుమీద మైళ్ళకొద్దీ సాగే ఆట అది. బావగారు రిటైరై ఈ దేశంలోనే అల్ ఖోర్‌లో ఉద్యోగానికి వచ్చాక, కాలేజీకి దగ్గరని పిల్లను మా ఇంట్లో ఉంచారు. మంచు పోయింది గాని ఆట పోలేదు. సాయంత్రాలు చక్రాల స్కీలు కట్టుకుని మా వీధిలోనే తిరిగేది. ఎదురింటావిడ, "మీ పిల్ల ఎప్పటికైనా ఈ ఇసకలో మంచు కురిపిస్తుందండీ!" అని నవ్వేది.

ఆ సాయంత్రం అడిగాను. "ఏమిటే ఈ పరుగు?"

"స్కీ ఆడేవాళ్ళంతా చలికాలం ముందు పరిగెడతారు పిన్నీ, ఊపిరి పెరగడానికి" అంది. అసలు సంగతి తరవాత చెప్పింది. జనవరిలో హిమాలయాల్లో స్కీ శిక్షణ శిబిరం ఉంది. కాలేజీ ఊరికే సెలవివ్వదు. కాలేజీ జట్టులో ఉన్నవాళ్ళకే ఆటల సెలవు. ఈ ఎడారిలో స్కీ జట్టు ఎక్కడ ఉంటుంది? ఉన్నది పరుగు జట్టు. ఆ పందెంలో ముందొచ్చిన ఏడుగురు అమ్మాయిల్నే అందులోకి తీసుకుంటారు.

"ఏడుగురిలో లేకపోతే ఈ ఏడాది మంచు మాఫీ" అంది, ఇక్కడివాళ్ళు లేదనడానికి అనేమాట అందుకుని.

పందెం శనివారం. పంచాంగం చూస్తే ఆ రోజే అట్లతద్ది. తెల్లవారకముందే అన్నం తిని, ఉయ్యాలలూగి, ఆపైన చంద్రుడు కనబడేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ఉండి, గౌరీదేవికి అట్లు నివేదించే నోము. పిల్ల కొండల్లో ఉన్నా ఏనాడూ మానలేదు.

"ఈసారికి మానవే. నీ బదులు నేనుంటాను."

"మొక్కుకున్నది నేను కదా పిన్నీ."

"మంచి మొగుడి కోసం చేసే నోమది. ఒక్క ఏడాది ఆగితే మొగుడెక్కడికీ పోడు."

"మొగుడెవడికి కావాలి? నేను మంచు కోసం నోస్తున్నాను."

నవ్వొచ్చింది గాని, అది దేవుడి దగ్గర వేళాకోళమాడే పిల్ల కాదు.

శనివారం చీకటితోనే లేపి, గోంగూర పచ్చడి, ముద్దపప్పు, పెరుగు పెట్టుకుని కూర్చున్నాను. పొట్ట బరువైతే పరిగెత్తలేనని పెరుగన్నం రెండు ముద్దలు తిని లేచింది. కాంపౌండులో చిన్నపిల్లల ఉయ్యాల ఉంది. దాని మీద ఇద్దరం వంతులవారీగా ఊగాం. నేపాలీ వాచ్‌మన్ పరుగున వచ్చి, "మేడమ్, సబ్ ఠీక్?" అని అడిగాడు పాపం.

పందెం ఊరి బయట ఇసక మైదానంలో. చుట్టూ తిరిగివచ్చే దారి, మూడు చుట్లు. మలుపు దగ్గర బల్లమీద నీళ్ళు పెట్టారు. మమ్మల్ని బస్సులో తీసుకొచ్చిన డ్రైవరూ నేనూ అక్కడే నిలబడ్డాం. మొదటి చుట్టులో పిల్ల నీళ్ళ గ్లాసు అందుకుని నెత్తిన కుమ్మరించుకుని పోయింది.

"గదేంది, నెత్తిమీద పోస్కున్నది? తాగదా?"

తద్ది సంగతి చెప్పాను.

"గీ ఎండల ఉపాసముండి ఉరుకుడా! జర నువ్వన్న చెప్పరాదా అక్కా."

"చెప్పాను తమ్ముడూ. వినలేదు."

రెండో చుట్టుకి అయిదోదిగా ఉంది. పెదవులు తెల్లగా పాలిపోయాయి. మూడో చుట్టులో సరిగ్గా మా ముందు ఆగిపోయి, మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని వంగిపోయింది. ఇద్దరు దాటేశారు. నేను గ్లాసు పట్టుకుని, "తాగమ్మా, గౌరమ్మ ఏమీ అనుకోదు" అన్నాను.

"వద్దు పిన్నీ. మొక్కు పోతుంది."

గ్లాసు దించేశాను. దానికి మొక్కడం నేర్పిన ఇంటిదాన్నే నేనూ. డ్రైవరు ఆ ఇసకలోనే చెప్పులు విడిచాడు. తన సీసా మూత తీసి దాని ముందుకొచ్చాడు.

"బిడ్డా, కుడిచెయ్యి పట్టు. తీర్థం."

అలవాటుకొద్దీ అరచెయ్యి గుంటగా పట్టింది. "తీర్థానికి ఉపాసం చెడదు" అని, "ఎములాడ రాజన్నా" అని తమ వైపు శివుణ్ణి తలుచుకుంటూ కొంచెం కొంచెంగా మూడుసార్లు పోశాడు. పిల్ల నాకేసి చూసింది.

"కళ్ళకద్దుకుని పుచ్చుకో" అన్నాను.

పుచ్చుకుంది. మళ్ళీ పోశాడు. మళ్ళీ పుచ్చుకుంది. తడిచెయ్యి తలకు రాసుకుని కదిలింది. ఈలోగా ఇంకొకమ్మాయి దాటిపోయింది.

"యల్లా బిడ్డా, యల్లా!" అని అతను వెనకనుంచి ఇక్కడి భాషలో పద పదమంటూ ఒకటే అరుపు.

గీత దగ్గరికి వచ్చేసరికి ఆ ఒక్కమ్మాయిని అందుకుని దాటింది. ఏడోది. నేను ఆ ఇసకలోనే కూర్చుని దణ్ణం పెట్టుకున్నాను.

బస్సులో అడిగాను. "అది ఏ గుడి తీర్థం తమ్ముడూ?"

"గుడేంది అక్కా! దుకాణంల కొన్న సీస. రాజన్న పేరు తీసి పోసిన. గాయన కాదంటడా?"

ఆ రాత్రి చంద్రుణ్ణి చూసి ఇద్దరం అట్లు తిన్నాం. మర్నాడు పొద్దున అతనికీ డబ్బా నిండా ఇచ్చాను. మూత తీసి చూసి, "గివి దోసెలే గదక్కా! గీటికోసమా పొద్దంత ఉపాసం?" అన్నాడు.

జనవరిలో పిల్ల మంచుకు వెళ్ళింది. అరచేతిలో చిటికెడు మంచు పట్టుకుని ఫొటో పంపింది. డ్రైవరుకు చూపిద్దామని గేటు దగ్గరికి వెళితే, స్టీరింగు ముందు వేరే మనిషి ఉన్నాడు. కంపెనీ పని అయిపోయి అతను ఊరికి వెళ్ళిపోయాడట. ఫొటో చూపించనేలేదు.

మీరెప్పుడైనా గుడిలో అరచెయ్యి చాచి తీర్థం పుచ్చుకునేటప్పుడు, ఎండలో చెప్పులు విడిచి నిలబడ్డ ఆ తమ్ముణ్ణి ఒక్కసారి తలుచుకోండి.