అత్తగారి మీద హక్కు

టేపక్కకి ఆ పేరు బిస్కెట్ ఫ్యాక్టరీలో వచ్చింది. ప్యాకింగు విభాగంలో పనిచేసే రోజుల్లో ఎడమ చేతికి గాజులు తొడుక్కున్నట్టు టేపు చుట్టలు తొడుక్కుని తిరిగేది. ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది. దాంతో పిలిస్తే ఆమె కూడా ఒక్క క్షణం ఆలోచించుకుని పలికేది.

రోజులు బాగోలేవు. జనం బిస్కెట్లు కొనడం కూడా తగ్గించేశారు. ఫ్యాక్టరీలో ముందు రాత్రి షిఫ్టు ఎత్తేశారు, తరవాత క్యాంటీనులో టీ ఎత్తేశారు, చివరికి ఫ్యాక్టరీనే ఎత్తేశారు. టేపక్క భర్త లిఫ్టులు బిగించే మెకానిక్కు. ఊళ్ళో కట్టడాలన్నీ సగంలో ఆగిపోయాక ఆయనకీ సగం పనే మిగిలింది. "లిఫ్టు పైకి పోవాలంటే ముందు బిల్డింగు పైకి పోవాలి కదా" అని రోజూ అదే మాట అని, రోజూ తనే నవ్వుకునేవాడు.

ఆ ఇంట్లో పని తగ్గనిది ఒక్క అత్తగారికే. ఆవిడ పని గిన్నెలు చూడటం. తోమడం కాదు, తోమినవాటిని చూడటం. కడిగి బోర్లించిన గిన్నెను కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, కనుబొమ్మ పైకెత్తి, చూపుడువేలితో లోపల ఒక గీత గీసేది. వేలు కీచుమంటే గిన్నె అరలోకి. జారితే మళ్ళీ సింకులోకి. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ టేపక్క కొట్లో దొరికే సబ్బులూ పొడులూ అన్నీ వాడి చూసింది. ఏదీ ఆ వేలిని మెప్పించలేకపోయింది. ఆఖరికి తనే సబ్బుసోడా, మెత్తటి రాతిపొడి, కాస్త నిమ్మ వాసన కలిపి ఒక పొడి తయారు చేసుకుంది. మొదటిసారి దాంతో తోమిన గిన్నె కీచుమన్న కీచుకి పక్కింటి కుక్క మొరిగింది.

ఉద్యోగం పోయాక టేపక్కకి ఆ పొడి తప్ప ఇంకేమీ తోచలేదు. వెనక గదిలో జల్లెడ, కాటా, మూసేసిన ఫ్యాక్టరీ వేలంలో కొన్న ప్యాకెట్లు అతికే యంత్రం పెట్టుకుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని కలిపేది. ఇక కావలసింది పేరు. 'తళతళ' పెట్టమన్నాడు భర్త. ఆ పేరుతో కొట్లో ఇప్పటికే ఒకటి ఉంది. 'ధగధగ' కూడా ఉంది.

"అయినా గిన్నె తోమేటప్పుడు మన బుర్రలో ఉండేది మెరుపు కాదండీ, భయం" అంది టేపక్క.

"ఎవరి భయం?" అనేశాడు ఆయన. అన్నాక వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించి, "వద్దు" అన్నాడు.

పేరు 'అత్తగారు' అయింది. పసుపుపచ్చ ప్యాకెట్టు మీద కనుబొమ్మ ఎత్తి గిన్నెలోకి చూస్తున్న ముఖం. కింద 'వేలు పెట్టి చూడండి' అన్న మాట. ఫోటో అచ్చంగా అత్తగారిదే, ఆవిడకి తెలియకుండా వంటింటి గుమ్మంలోంచి తీసింది. ప్రెస్సువాడు దాన్ని బొమ్మగా గీశాడు. మనిషి శ్రద్ధగలవాడు, కుడి చెంప మీది పుట్టుమచ్చనీ వదల్లేదు, గిన్నె అంచుకున్న సొట్టనీ వదల్లేదు.

సరుకు చకచకా అమ్ముడుపోయింది. కోడళ్ళు నవ్వుకుంటూ కొన్నారు. మొగుళ్ళు ఇంట్లో ఏమంటారోనని జంకుతూ కొన్నారు. కొట్ల దగ్గర మాటలు మాత్రం విచిత్రంగా తయారయ్యాయి.

"అత్తగారున్నారా?"

"నిన్ననే అయిపోయారండీ. రేపొస్తారు."

ఒకరోజు సాయంత్రం అత్తగారు సూదీ దారం కొందామని కొట్టుకెళ్ళింది. ముందు నిలబడ్డ అమ్మాయి కొట్టాయనతో గొడవ పడుతోంది. "ఈ అత్తగారికి అడుగున చిల్లుందండీ, దారంతా కారిపోయింది. దీన్ని తీసుకుని ఇంకో మంచి అత్తగారినివ్వండి." అత్తగారు తొంగి చూసింది. ప్యాకెట్టు మీంచి తన ముఖమే తన వంక అనుమానంగా చూస్తోంది.

ఇంటికొచ్చి ఆ ప్యాకెట్టుని భోజనాల బల్ల మధ్యలో నిలబెట్టింది.

"ఎవరే ఇది?"

టేపక్క ప్యాకెట్టు వంక కొత్తగా చూస్తున్నట్టు చూసింది. "ఎవరో పెద్దావిడండీ, అత్తయ్యా."

"ఆ పెద్దావిడకి నా ముక్కెందుకుంది?"

మామగారు కుర్చీలోంచి కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "అచ్చుగుద్దినట్టుంది" అని మెచ్చుకున్నాడు. ఇన్నేళ్ళలో అనకూడని సమయంలో మాట్లాడటంలో ఆయనకి సాటిలేదు. టేపక్క భర్త, లిఫ్టు పని ఉందని చెప్పి, ఆదివారం పూట బయటికి నడిచాడు.

అత్తగారు కొన్నాళ్ళు కోడలికి ఏం చెప్పాలన్నా కొడుకు చేతే చెప్పించింది. కానీ తోమడానికి వేరే పొడి తెమ్మని మాత్రం అనలేదు.

అంతలో అసలు గొడవ మొదలైంది. ఎవరెవరో గీతలు పడ్డ గిన్నెలు పట్టుకుని ఇంటి మీదికి రాసాగారు. "మీ అత్తగారు మా గిన్నెల్ని గీకేసిందమ్మా!" అని ఒకావిడ గుమ్మంలో నిలబడి అరుస్తుంటే, లోపల్నుంచి అత్తగారు "నేనెప్పుడు మీ ఇంటికొచ్చాను?" అని అరిచింది. తీరా చూస్తే వాళ్ళు తెచ్చిన ప్యాకెట్లు టేపక్కవి కావు. అదే పసుపు, అదే కనుబొమ్మ, పెద్దక్షరాల్లో 'అత్తగారు'. పైన చీమ తలంత అక్షరాలతో 'కొత్త'. లోపల బరక ఇసకలాంటి పొడి.

అది ఒక హోల్‌సేల్ వ్యాపారి సరుకు. టేపక్క నేరుగా అతని గోడౌనుకే వెళ్ళింది.

"ఇది నా పేరండీ."

"అత్తగారు నీ ఒక్కదానికే ఉందా అమ్మా? నాకూ ఉంది. మా అత్తగారిని పిలవాలంటే నీ అనుమతి తీసుకోవాలా?"

గోడౌనులో మూటలు మోసేవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఇంటికొచ్చే దారంతా టేపక్కకి మంచి మంచి జవాబులు తట్టాయి గానీ వినడానికి ఎవరూ లేరు.

ట్రేడ్‌మార్క్ వ్యవహారాలు చూసే ఏజెంటు గురించి పాత ఫ్యాక్టరీ స్నేహితురాలు చెప్పింది. ఆ ఏజెంటుకీ రోజులు బాగోలేవు. ఆఫీసులో సగాన్ని జిరాక్సు కొట్టుకి అద్దెకిచ్చేసి, మిగిలిన సగంలో ఒక బల్ల వేసుకుని కూర్చుంది. యంత్రం తిరిగినప్పుడల్లా మాట ఆపి, అది ఆగాక మళ్ళీ అందుకునేది.

"పేరు పెట్టిన రోజే నమోదు చేసుకోవాల్సిందమ్మా."

"పూట గడవడమే కష్టంగా ఉంటే పేరుకి కాపలా ఎవరు పెట్టుకుంటారండీ?"

"అందరూ అదే అంటారు. దొంగలకీ అది తెలుసు. చూడండి, మీ పొడి లాంటిది ఎవరైనా కలుపుకోవచ్చు. జనం కొట్లో అడిగేది పొడిని కాదు, పేరుని. చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు ఒకసారి మోసపోయినవాళ్ళు మళ్ళీ ఆ పేరెత్తరు. పోయేది మీ పేరే. కొత్తగా మొదలెట్టిన చిన్న సంస్థలకి రుసుములో రాయితీ ఉంది. ముందు వాడింది మీరేనని చూపిద్దాం."

"అత్తగారంటే అందరి మాటే కదా, నాకెలా ఇస్తారు?"

"తోమే పొడికి 'తోమే పొడి' అని పేరు పెడితే ఇవ్వరు. అది అందరికీ కావలసిన మాట. అత్తగారికీ పొడికీ సంబంధమేముంది?"

"చాలా ఉందండీ."

"మీ ఇంట్లో ఉండొచ్చు. చట్టంలో లేదు." ఏజెంటు ప్యాకెట్టుని తిప్పి చూసింది. "ఈ ముఖం ఎవరిది? ఆవిడ ఒప్పుకున్నట్టు సంతకం పెట్టారా?"

జిరాక్సు యంత్రం చాలాసేపు తిరిగితే బాగుండుననుకుంది టేపక్క.

ఇంటికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. తప్పయిపోయిందంది. గోడౌనులో ఎలా నవ్వారో కూడా చెప్పింది. అత్తగారు అంతా విని, "ముఖం మార్పించు. మెడలో గొలుసైనా లేదు, దిక్కులేనిదానిలా ఉన్నాను" అంది.

"మార్చడానికి వీల్లేదట అత్తయ్యా. వాడిన ముఖమే నమోదు చెయ్యాలట."

"అయితే ఇంకో షరతు. నా ముఖం పెట్టాక నా వేలు కూడా ఉండాలి. ప్రతి వాయీ నేను చూశాకే బయటికి పోవాలి."

టేపక్క ఒప్పుకుంది, అత్తగారు సంతకం పెట్టింది. ఆ వారమే ఆవిడ ఒక వాయి మొత్తం పారబోయించింది.

దరఖాస్తు పెట్టారు. వ్యాపారి అభ్యంతరం పెట్టాడు. నెలలు గడిచి ట్రేడ్‌మార్క్ ఆఫీసులో విచారణ రోజొచ్చింది. అత్తగారు తనూ వస్తానంది. "మీరు మాట్లాడకూడదండీ" అని ఏజెంటు మెట్లెక్కుతుండగా ఒకసారి, గుమ్మంలో ఇంకోసారి చెప్పింది. అధికారి నెమ్మదైన మనిషి. రెండు ప్యాకెట్లూ ముందు పెట్టుకుని ఒకదాని తరవాత ఒకటి చూశాడు.

"ఇవి వేరువేరండీ. మాది కొత్త అత్తగారు" అన్నాడు వ్యాపారి తరఫు లాయరు.

"ఈ బొమ్మ ఎవరిది?"

"ఎవరిదీ కాదు సార్. ఊహాచిత్రం."

అత్తగారు లేచి నిలబడింది. "ఊహకి నా పుట్టుమచ్చ ఎలా వచ్చింది నాయనా? అదీ తిరగేసి, ఎడమ చెంపకి?"

ఏజెంటు తల పట్టుకుంది. మరుక్షణం తల వదిలేసి, రెండు ప్యాకెట్లూ అందుకుని, విప్పి, వ్యాపారి దాన్ని బోర్లా తిప్పి, టేపక్క దాని మీద పెట్టి, కిటికీ అద్దానికి ఆనించింది. ఎండలో రెండు ముఖాలూ ఒకటైపోయాయి. కనుబొమ్మ మీద కనుబొమ్మ, మచ్చ మీద మచ్చ, గిన్నె సొట్ట మీద గిన్నె సొట్ట.

"అత్తగార్లందరూ ఒకేలా ఉంటారు సార్" అన్నాడు వ్యాపారి, ఇక ఏమీ తోచక.

అధికారి ఒక్క క్షణం ఆ మాట ఒప్పుకునేలాగే కనిపించాడు. తరవాత సర్దుకుని, ముందు వాడినవాళ్ళకే హక్కనీ, అభ్యంతరం చెల్లదనీ రాశాడు. కొట్లలో ఉన్న 'కొత్త' సరుకుని వెనక్కి తీసుకుంటానని వ్యాపారి చేత అక్కడే రాయించుకుంది ఏజెంటు.

ధ్రువపత్రం ఇంటికొచ్చిన రోజు టేపక్క దాన్ని చేతిలో పట్టుకుని వెనక గదిలో ఒక్కతే కూర్చుంది. అన్నేళ్ళూ ఎవరెవరివో పేర్లున్న పెట్టెలకి టేపు వేసిన చేతులవి. కాసేపు ఏడ్చింది. రాతిపొడి కంట్లో పడిందని చెబితే ఎవరూ నమ్మలేదు, ఆ రోజు పొడి కలపలేదు కాబట్టి.

పని పెరిగాక ప్యాకింగు విభాగం పాత స్నేహితురాళ్ళు ఇద్దరు వచ్చి చేరారు. వ్యాపారి కూడా ఊరికే కూర్చోలేదు. ఎర్ర ప్యాకెట్టులో 'ఆడపడుచు' అనే పొడి తెచ్చాడు. ఈసారి పేరూ బొమ్మా తనవే, సొంత అక్కగారి ముఖం. అది కూడా బాగానే అమ్ముడవుతోంది. అక్కగారు మాత్రం అతనితో మాట్లాడటం మానేసిందట.

ఆ సంగతి విని ఏజెంటు, "చుట్టరికాలన్నీ అయిపోకముందే ఇంకో పేరేదైనా అట్టే పెట్టుకోండి" అని సలహా ఇచ్చింది. రాత్రి భోజనాల దగ్గర టేపక్క ఆ మాటెత్తింది.

"మెత్తటి సబ్బొకటి చేసి 'కోడలు' అని పెడితే ఎలా ఉంటుందత్తయ్యా?"

"మెత్తదనం గురించి అబద్ధాలాడితే ట్రేడ్‌మార్క్ వాళ్ళు ఇచ్చింది కూడా వెనక్కి లాక్కుంటారు."

"పోనీ, 'మామగారు'?"

"ఆయన జన్మలో ఒక గిన్నె తోమిన మనిషి కాదు. ఆయన పేరుతో దిండ్లు అమ్ముకో."

"దిండ్లంటే వేరే తరగతి సరుకండీ, దానికి మళ్ళీ దరఖాస్తు పెట్టాలి" అంది టేపక్క సీరియస్‌గా.

మామగారు కుర్చీలోంచి కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపాడు. "సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పమ్మా."