నాది కాని నసీమా మేడమ్

ఖమ్మం మిర్చి మార్కెట్ దగ్గర బస్సు నెమ్మదిస్తే చాలు, కిటికీలోంచి ఆ ఘాటు వచ్చి గొంతులో కూర్చుంటుంది. పక్కవాళ్లు తుమ్ముతారు, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం మిర్చి గోదాము మీది చిన్న గది గుర్తుకొస్తుంది. అందులోంచి వచ్చేవాళ్ల కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. ఏడ్చారో, ఘాటు తగిలిందో ఎవరూ అడిగేవారు కాదు. తరతరాలుగా మిర్చి వ్యాపారం చేసిన ఇంట్లో పుట్టి, సైకాలజీ చదివిన నసీమా మేడమ్ ఆ గదిలోనే కూర్చుని మనుషుల బాధలు వినేవారు.

మా ఆయన పేరు మొగిలి. అడవి అంచున ఒక బొగ్గుగనిలో పనిచేసేవాడు. మా వైపు దాన్ని బాయి అంటారు. ఒకనాడు లోపల పైకప్పు కూలింది. మొగిలి బయటపడ్డాడు, పక్కనే ఉన్న స్నేహితుడు బయటపడలేదు. ఆ తర్వాత ఇంట్లో కుక్కర్ కూత వేసినా మొగిలి గోడకు అతుక్కుపోయేవాడు. నిద్ర లేదు, మాట లేదు. బడిలో పిల్లలకు తెలుగు చెప్పే నేను ఇంట్లో ఆయన నుంచి ఒక్క వాక్యం రాబట్టలేకపోయాను. ముందు సైకియాట్రిస్టుకు చూపించాను. మందులతో నిద్ర పట్టింది, ఉలికిపాటు తగ్గింది, మాట మాత్రం రాలేదు. ఎవరో చెప్తే ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాం. ఆయన గంటసేపు ధైర్యం గురించి ఉపన్యాసం ఇచ్చాడు. మెట్లు దిగుతూ మొగిలి "మళ్ల ఈడికి రాను" అన్నాడు. ఆ సంగతి విని సైకియాట్రిస్టే, "మందులు ఆపొద్దు, మాటలకు సరైన మనిషిని వెతుకుదాం" అని నసీమా మేడమ్ దగ్గరికి పంపించాడు.

మొదటిరోజు నేనూ లోపల కూర్చున్నాను.

"ముందుగల్ల నువ్వే నన్ను అడుగు," అన్నారామె మొగిలితో. "ఏం చదివిన్రు, నాసుంటోళ్లను చూసిన్రా అని అడుగు. మొహమాటం వద్దు."

మొగిలి తలెత్తాడు. "ఎన్నడన్న బాయిల దిగిన్రా మేడమ్?"

"దిగలే. కానీ గట్ల చావు అంచుదాకా పోయొచ్చినోళ్లతోని పనిచేసిన, దానికి ట్రైనింగ్ గూడ తీసుకున్న. కొన్నిసార్లు వచ్చి చూడు. నాతోని కుదరకపోతే చెప్పు, ఇంకొకరిని నేనే చూపిస్త. నాకేం కోపం రాదు."

"ఈడ చెప్పింది బయటికి పోతదా?"

"ఎవరి పానానికన్న ముప్పుంటే తప్ప పోదు. నీ పెండ్లానికి గూడ చెప్ప."

ఆ చివరి మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. తర్వాతి వారం నుంచి నేను బయట బెంచీ మీదే. ఒకరోజు లోపలినుంచి మొగిలి ఏడుపు వినిపించింది. ఇంకొకరోజు నవ్వు. ఎన్నాళ్లుగానో నేను ఎదురుచూసిన నవ్వు ఎవరో పరాయి ఆడమనిషి ముందు రాలిపోయింది. తిరుగు బస్సులో "ఏం మాట్లాడిన్రు?" అని అడిగితే "ఏదో, గట్లనే" అనేవాడు. ఖమ్మం వెళ్లే రోజు చొక్కా తనే ఇస్త్రీ చేసుకునేవాడు. మా పెళ్లినాడు కూడా అంత శ్రద్ధగా తల దువ్వుకోలేదు. నాకు ఆమె చీరల్లో వంకలు కనిపించాయి, ఆమె నెమ్మదైన గొంతులో నటన వినిపించింది. మొగిలి కోలుకుంటున్నాడని సంతోషించాల్సింది పోయి, కోలుకున్న కొద్దీ నేను లోలోపల మండిపోయాను.

ఒకసారి ఆయన మందుల దుకాణానికి వెళ్లినప్పుడు లోపలికి వెళ్లి నిలదీశాను. "నాతోని చెప్పనియి మీతోని ఏం చెప్తుండు?"

"ఆయననే అడుగు టీచరమ్మా," అన్నారామె. "నా మీద బాగ కోపమున్నది కదా?"

"అవ్, ఉన్నది."

"ఉండనీ. గానీ గా కోపం నాతోని చెప్పుకోలేవు. ఆయనను చూసే నేను నిన్ను గూడ చూసుడు మంచిది కాదు. నీకు నీ మనిషి కావాలె."

వదిలించుకుంటోందనుకున్నాను. అయినా ఆమె చెప్పిన ఇంకో కౌన్సెలర్, సరోజగారి దగ్గరికి కొత్తగూడెం వెళ్లాను. మొగిలి అడిగిన ప్రశ్నలే అడిగాను. తర్వాత గంటసేపు నసీమా మేడమ్‌ను తిట్టిపోశాను. సరోజగారు అడ్డుకోలేదు. తిట్లు అయిపోయాక, "ఆ రోజు బాయి దగ్గర నీతో ఎవరున్నారమ్మా?" అని అడిగారు. లోపలున్న మనిషి బతికున్నాడో లేడో తెలియక ఆ ఎండలో నిలబడ్డ నన్ను అప్పటిదాకా ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. భోరున ఏడ్చాను. ఆ సాయంత్రం మొగిలి చాయ్ పెట్టి ఇచ్చి, తనంతట తానే స్నేహితుడి ఆఖరి మాటలు నాకు చెప్పాడు.

నసీమా మేడమ్ నిరుడు పోయారు. చూడటానికి వెళ్తే ఇంటినిండా ఒకరికొకరు తెలియని మనుషులు. ఆమె తమకేమవుతారో ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే ప్రతి ఒక్కరూ సొంత మనిషి పోయినట్టు ఏడ్చారు. వాళ్ల మధ్య మొగిలి కూడా. నేను గోడవారగా నిలబడ్డాను.

ఇప్పుడు పిల్లల తల్లులెవరైనా నా దగ్గరకొచ్చి, ఎవరికి చూపించాలి టీచర్ అని అడిగితే, మందులు ఎవరిస్తారో, మాటలు ఎవరు వింటారో విడమరిచి చెప్తాను. అడగాల్సినవి అడగమంటాను. కుదరకపోతే సిగ్గుపడకుండా మనిషిని మార్చమంటాను. నాకు దొరికిన సరోజగారు నాకు సరైన మనిషే. అయినా ఆ రోజు ఆ ఇంట్లో ఏడ్చినవాళ్లందరికీ దక్కిన నసీమా మేడమ్ నాకు దక్కలేదు. వాళ్ల మీద ఆ అసూయ ఇంకా పోలేదు.