బండికి తాగించిన నూనె

మధ్యాహ్నం పన్నెండూ నలభైకి మా ఆయన బండి ఆత్మకూరులో మా వీధి మలుపు తిరిగింది. నేను అన్నం వారుస్తున్నాను. ఆ బండి మోత నాకు అలవాటే. ఆ రోజు అందులో ఇంకో చప్పుడు కలిసి ఉంది, గరిటెతో ఇనుప మూకుడు అంచు మీద కొడుతున్నట్టు. ఆయన లోపలికి రాలేదు. తలుపు దగ్గర నుంచే, "భాయ్ దగ్గరికి పోయొస్తా" అని చెప్పి వెళ్లిపోయారు.

ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. పల్లెల్లో అందరూ డాక్టరు అనే పిలిచేవాళ్లు. ఎనభైల మొదట్లో ఆయన్ను ఉదయగిరి కొండ కింది ఊళ్లకు కూడా పంపుతుండేవారు. తారురోడ్డు దాకా బస్సు ఉండేది. అక్కడి నుంచి రాళ్లూ ఇసుకా ఉన్న దారులు. అందుకోసమే పెట్రోల్లో నూనె కలిపి పోయాల్సిన పాత రెండు స్ట్రోకుల మోటారు సైకిలు కొన్నారు. వెనక ఐసు డబ్బా కట్టుకోవడానికి ఇనుప చట్రం చేయించారు.

ఆ వారం కొండ కింద ఒక ఊళ్లో గొర్రెలకు చిటుకు రోగం తగిలింది. సాయంత్రం మేసి వచ్చిన గొర్రె తెల్లారేసరికి చచ్చి పడి ఉండేది. టీకా మందు ఆ ఉదయమే నెల్లూరు నుంచి ఐసులో వచ్చింది. మరునాడు పొద్దున తను వచ్చేవరకు మందను బయటికి వదలవద్దని ఆయన కబురు పంపారు. ఆ ఊరికి బస్సు లేదు. నడిచి వెళితే ఐసు కరిగిపోతుంది. ఆసుపత్రిలో జీపు లేదు.

ఆయన తినకుండా వెళ్లారు కాబట్టి క్యారియరు తీసుకుని నేనూ భాయ్ కొట్టుకు వెళ్లాను. భాయ్ యాభై దాటిన మెకానిక్కు. బండి గురించి మాట్లాడేటప్పుడు మనిషి మొహం చూడడు. నేను వెళ్లేసరికి ఇంజను తిరుగుతోంది. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవి కింది ఎముకకు ఒత్తుకుని వింటున్నాడు. కింద పెట్టాడు, మధ్యలో పెట్టాడు, పైన పెట్టాడు. మళ్లీ కిందికి వచ్చాడు. తరువాత ఇంజను ఆపాడు.

"చల్లగా ఉన్నప్పుడు మోగతాదా సార్?"

"లేదు భాయ్. వేడెక్కి మిట్ట ఎక్కేటప్పుడు మోగతా ఉండాది. లాగడం కూడా తగ్గింది."

"పైన మసి పట్టుంటే ఇట్టనే మోగతాది. కానీ మసి తీసి నాలుగు నెలలే గదా. నూనె ఎంత కలపతా ఉండారు?"

"బంకులో పోసే కొలతే."

"అంతేనా?"

"అంతే."

భాయ్ చేతులు తుడుచుకున్నాడు. "కొలత సరిగ్గా ఉంటే నాలుగు నెలలకే అంత మసి రాదు. అయితే కనెక్టింగ్ రాడ్డే పొయ్యుంటాది. ఇంజను దించి, రెండుగా విప్పి, రాడ్డును నెల్లూరికి పంపాల. పది దినాలు పడతాది."

"రేప్పొద్దున మంద కాడికి పోవాల భాయ్."

"మీరు పోండి సార్. బండి రాదు."

ఆయన బల్ల మీద కూర్చుని క్యారియరు మూత తీసి, మళ్లీ పెట్టేశారు.

ఆయన చెప్పినది నిజం కాదని నాకు తెలుసు. బంకులో నూనె కలిపిన పెట్రోలు పోయించుకుని ఇంటికి వచ్చాక, డబ్బాలో ఉన్న నూనె ఇంకో అరగ్లాసు ట్యాంకులో పోసేవారు. ఆ గ్లాసు నా వంటింటిదే. ఆ మధ్య బండి మిట్టలు ఎక్కలేకపోతుంటే ఆ కొలత ముప్పావు గ్లాసయింది. ఎందుకని అడిగితే, "పని చేసే గొడ్డుకు నూనె తాగించొద్దా" అన్నారు. వాళ్ల ఇంట్లో దుక్కులు అయిపోయాక ఎద్దుల నోట్లో వెదురుగొట్టం పెట్టి నువ్వుల నూనె పోసేవాళ్లు. ఆయన అది చూస్తూ పెరిగారు. కొండదారుల్లో తిరిగే బండికి కూడా అది కావాలనుకున్నారు.

పరాయి మగవాళ్ల ముందు భర్త మాటకు అడ్డు చెప్పడం నాకు అలవాటు లేదు. భాయ్ ఇంజను కింది నట్లకు స్పానరు వెతుకుతున్నాడు. మొదటి నట్టు విప్పితే ఇక వెనక్కి తిరగడం ఉండదని నాకు అర్థమైంది.

"భాయ్, ఇంటికాడ ఇంకో ముప్పావు గ్లాసు నూనె పోస్తా ఉండారు" అన్నాను.

భాయ్ మొదటిసారి మా ఆయన మొహంలోకి చూశాడు.

"ఏంది సార్ ఇది?"

"బలానికని పోసినాను" అన్నారు ఆయన, నేల చూస్తూ.

"బలానికా. గొర్రెకు మందు ఒక చెంచా ఎక్కువ తాగిస్తే ఆ మందలోళ్లను బజారులో నిలబెట్టి తిట్టేది మీరే గదా."

"తిట్టేది నేనే."

"అమ్మ రాకుంటే నేను ఇంజను కోసేసుంటిని. బాగుండే దాన్ని."

భాయ్ స్పానరు మార్చి పైభాగం నాలుగు నట్లు విప్పాడు. మూత లేపితే లోపల మాడిన బెల్లప్పాకంలా మసి గట్టిపడి ఉంది. సిలిండరు కూడా ఊడదీసి, ముందు రాడ్డును పైకీ కిందికీ లాగి చూశాడు. కొంచెం కూడా కదలలేదు. "రాడ్డు మంచిగా ఉండాది" అన్నాడు. ఇనుముతో గీకితే పిస్టను మీద గీతలు పడతాయని వెదురుబద్ద చెక్కి మా ఆయన చేతిలో పెట్టాడు. "మీరే పోసినారు, మీరే గీకండి."

ఆయన చొక్కా విప్పి పక్కన పెట్టి సాయంత్రం దాకా గీకారు. పొగగొట్టం లోపలి గొట్టాన్ని భాయ్ మంటలో కాల్చి, కొట్టి, మసి దులిపాడు. అన్నీ బిగించి, ఇద్దరూ అనుమసముద్రంపేట రోడ్డులో మిట్ట దాకా వెళ్లి వచ్చారు. బండి వస్తుంటే విన్నాను. మూకుడు చప్పుడు లేదు.

ఇంటికి వచ్చాక, "నువ్వు చెప్పకపోయినా నేనే చెప్పేవాణ్ని" అన్నారు.

"ఎప్పుడు? నెల్లూరికి పంపినాకనా?"

ఆయన నవ్వి అన్నానికి కూర్చున్నారు. పొద్దున తెచ్చిన ఐసు సగం కరిగి ఉంటే, మళ్లీ కొని డబ్బా నింపాము. తెల్లవారుజామునే వెళ్లారు. రాత్రికి ముందే వచ్చారు. మందలో అన్నిటికీ టీకా వేశానని, తను వెళ్లే లోపల ఇంకో రెండు చచ్చిపోయాయని చెప్పారు. ఆ రెండింటి గురించి మళ్లీ రెండుసార్లు చెప్పారు.

ఆ నూనె డబ్బా మూత ఆయన మళ్లీ ఇంట్లో తీయలేదు. దాన్ని భాయ్‌కి ఇచ్చేశారు. బండి ఇంకో ఎనిమిదేళ్లు నడిచింది. భాయ్ పోయి చాలా కాలమైంది. మా ఆయన పోయి రెండేళ్లు.

ఇప్పటి బండ్లు వేరు. ఆత్మకూరులో ఇప్పుడు ఎవరూ వెదురుబద్దతో ఇంజను మసి గీకరు.